క్రైస్తవ ధర్మములో నిర్హేతుక ప్రేమ

(ఉపన్యాస పాఠము)



కాళీఘాట్‌కు పోయి అమ్మవారిని సేవించుకొనని తెలుగు కుటుంబము కలకత్తాలో అరుదు. ఊరినుండి బంధువులు వచ్చినచో మొదటి దినమున కాళీఘాట్, రెండవ దినమున దక్షిణేశ్వరము, బేలూరు మఠము, మూడవ దినమున బట్టల అంగళ్లు: ఇది మనవారి యాత్రాక్రమము. ఆ మొదటి దినముననే ఆలయమును ఆనుకొని యున్న మరియొక గడపను చాలమంది చూచియు చూడక దాటిపోవుదురు. దాని పేరు 'నిర్మల హృదయ్'. ఒకప్పుడది కాళీమాత దర్శనమునకై వచ్చు యాత్రికులకు విడిదిగా నుండెడిది. 1952వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీ నుండి అది వీథులలో మరణించుచున్న దిక్కులేనివారికి ఆశ్రయమైనది. స్థలము నిచ్చినది కలకత్తా నగరపాలక సంస్థ. అడిగి తీసికొన్నది మదర్ థెరీసా.

క్రైస్తవ ధర్మములో నిర్హేతుక ప్రేమ యనగా నేమి? ఈ ప్రశ్నకు సమాధానమును మతగ్రంథముల వ్యాఖ్యానములలో వెదకుటకంటె ఆ గడపలో వెదకుట సులభము. ఏలయన, మరణశయ్యపై నున్నవాడు ఎవరికిని ఏమియు తిరిగి ఈయజాలడు. బ్రతికి బాగుపడి కృతజ్ఞత చూపుననుటకు వానికి ఆయువు లేదు. వాని బంధువులు వచ్చి ధన్యవాదములు చెప్పుదురనుటకు వానికి బంధువులు లేరు. రేపు వాడు గొప్పవాడై మనలను తలచుకొనునన్న ఆశకు రేపు అనునదియే లేదు. అట్టివానిని తెచ్చి, కడిగి, తుడిచి, గుడ్డ కట్టి, నోట నీరు పోయువారు ఏమి కోరి ఆ పని చేయుదురు?

మన కార్యాలయములలో ఏ ఉత్తరువు వెలువడినను దాని తోక నొక వాక్యము వ్రేలాడుచుండును: 'ఈ క్రింది షరతులకు లోబడి.' మంజూరు ఒక పంక్తి, షరతులు ఒక పుట. ప్రభుత్వమునకు అది తగియే యున్నది. ప్రజాధనమునకు లెక్క చెప్పవలసినవారు షరతు లేక ఈయజాలరు. కాని ఆ వాక్యము మన యిండ్లలోనికిని వచ్చినది. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైన కుమారుని చూచు తండ్రి కన్నును, తప్పిపోయిన కుమారుని చూచు తండ్రి కన్నును ఒకటిగా నుండవు. తల్లి ప్రేమ షరతు లేనిదందురు, నిజమే. అయినను ఆమె తన బిడ్డయనియే ప్రేమించును. పొరుగింటి బిడ్డయైనచో అంతగా ప్రేమింపదు. 'నా' అను అక్షర మొక్కటి అక్కడను షరతుగా నిలిచియే యున్నది. ఇందు తప్పు లేదు. మనుష్య స్వభావ మట్టిది. క్రైస్తవ ధర్మము చెప్పు ప్రేమ మాత్రము ఈ 'నా' అనుదానిని కూడ దాటినది.

గ్రీకు భాషలో ప్రేమను చెప్పు పదము లనేకములు. స్త్రీపురుషుల ఆకర్షణకు ఎరోస్ అనియు, స్నేహమునకు ఫిలియా అనియు, కుటుంబములోని మమతకు స్తోర్గే అనియు వాడుదురు. క్రొత్త నిబంధన వ్రాసినవారు దేవుని ప్రేమను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు విరివిగా ఎన్నుకొన్న పదము అగాపే. ఎదుటివాని యోగ్యతను చూచి పుట్టు ప్రేమ కాదది. ప్రేమించువాని స్వభావమునుండి పుట్టునది. దానిని లాటిను భాషలో కారితాస్ అనిరి. ఇంగ్లీషు వారు దానినుండియే చారిటీ అను మాట చేసికొనిరి. 1611లో వెలువడిన వారి ప్రసిద్ధానువాదములో పౌలు ప్రేమను గూర్చి వ్రాసిన అధ్యాయమున ఆ మాటయే యున్నది. కాలక్రమమున ఆ చారిటీ దిగజారి, బిచ్చగాని గిన్నెలో పడు కానియై పోయినది. మదర్ థెరీసా స్థాపించిన సంఘము పేరులోని చారిటీ మాత్రము ఆ పాత యర్థము గలది. దానిని 'ధర్మాదాయ సంఘము' అని తెలిగించువారు పొరబడుచున్నారు.

తెలుగువారికి ఈ విషయముతో కలకత్తా మూలముగనే యొక పాత చుట్టరికము కలదు. హుగ్లీ నదికి ఆవలి గట్టుననున్న శ్రీరాంపురములో విలియం కేరీయును అతని సహచరులును 1800లో ముద్రణాలయము స్థాపించిరి. కేరీ పూర్వాశ్రమమున చెప్పులు కుట్టి జీవించినవాడు. ఇక్కడ ఫోర్టు విలియం కళాశాలలో సంస్కృత వంగ భాషల కాచార్యుడైనాడు. 1812 మార్చిలో ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతికాగా ఏండ్ల తరబడి శ్రమించిన వ్రాతప్రతులును, అచ్చు అక్షరములును నశించెను. వారు మరల మొదలుపెట్టిరి. కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అక్కడ అచ్చయినవి. మన భాషకు వంగదేశములో జరిగిన సేవలలో ఇది యొకటి. దీనిని మన పిల్లలకు చెప్పువారు తక్కువ. నేడు తెలుగు బైబిలులో అగాపే యనుచోట 'ప్రేమ' యను మాటయే యున్నది. సినిమా పాటలోను అదే మాట, సిలువ కథలోను అదే మాట. సందర్భమును బట్టి బరువు తెలిసికొనవలసినదే.

ఏసు ఈ ప్రేమకు నిర్వచనము చెప్పలేదు, కథలు చెప్పెను. వానిలో తప్పిపోయిన కుమారుని కథ తెలియనివారుండరు. తండ్రి బ్రతికియుండగనే తన భాగము పంచుకొని దూరదేశమునకు పోయి, సర్వమును పాడుచేసికొని, పందులను మేపుచు ఆకలికి తాళలేక ఇంటిదారి పట్టిన చిన్నకుమారుడు త్రోవలో ఒక క్షమాపణ వాక్యమును కంఠస్థము చేసికొనును. 'కుమారుడ ననిపించుకొన తగను, కూలివానిగా నుంచుకొను'మని దాని భావము. అనగా వాడును ఒక షరతునే తెచ్చుచున్నాడు! తండ్రి ఆ వాక్యము పూర్తియగువరకు ఆగడు. దూరముననే చూచి, వృద్ధుడైనను పరుగెత్తి పోయి కౌగిలించుకొనును. ఆ పరుగే కథకు ప్రాణము. తూర్పు దేశములలో పెద్దమనుష్యుడు వీథిలో పరుగెత్తడు, పరువు పోవును. ఆ తండ్రి తన పరువును ముందుగా వదలుకొన్నాడు.

తెలుగువారికి ఈ పరుగు క్రొత్తది కాదు. పోతన భాగవతములో గజేంద్రుని మొర విని వైకుంఠమునుండి పరుగుపరుగున వచ్చిన వాని యాతురత మనకు తెలియును. కాని అక్కడ గజేంద్రుడు మొరపెట్టెను. తన బలము పనికిరాదని తెలిసికొని శరణు వేడెను. ఇక్కడ మొర పూర్తి కాకమునుపే తండ్రి బయలుదేరినాడు. ఈ భేదమును గూర్చియే మన శ్రీవైష్ణవులలో గొప్ప వాదము జరిగినది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూన ఊరకుండినను తల్లియే నోట కరచుకొని పోవును. వేదాంతదేశికుని అనుయాయులు జీవుని వైపునుండి కొంత ప్రయత్నము, ఒక వ్యాజమైనను కావలయు ననిరి. పిళ్ళైలోకాచార్యుని అనుయాయులు భగవంతుని కృప నిర్హేతుకమనిరి. ఇట్టి వాదమే క్రైస్తవులలో అయిదవ శతాబ్దమున ఆగస్టీనునకును పెలేజియసునకును నడచినది. దేశములు వేరు, సమయములు వేరు, పిల్లి యొక్కటియే! ఈ ప్రసంగమునకు శీర్షికగా 'నిర్హేతుక' శబ్దము నెన్నుకొనుటకు కారణ మిదియే. మన యింటిలో సిద్ధముగా నున్న మాట యుండగా క్రొత్తది కల్పించుట యేల?

ఇక ఆ కథలోని పెద్దకుమారుడు. వాడు పొలమునుండి వచ్చి, ఇంటిలో వాద్యముల ధ్వని విని, సంగతి తెలిసికొని లోనికి రాక అలిగి నిలుచును. ఇన్నేండ్లుగా సేవ చేయుచున్నవాడను, ఒక్క యాజ్ఞ నైనను మీరనివాడను, నా కొక మేకపిల్ల నైన ఈయలేదే యని వాని ఫిర్యాదు. సచివాలయములలో పనిచేయువారికి వానిపై సానుభూతి కలుగక మానదు. వాని సీనియారిటీని త్రోసిరాజని తమ్మునికి విందు చేసినారు! ద్రాక్షతోట కూలీల కథలో నింకను విపరీతము: ఉదయమునుండి ఎండలో పనిచేసినవానికిని, సాయంకాలము అయిదు గంటలకు, అనగా మనము దస్త్రములు కట్టిపెట్టు వేళకు, వచ్చినవానికిని సమానమైన కూలి. ఏ కార్మిక సంఘమును దీని నంగీకరింపదు. నిర్హేతుక ప్రేమ న్యాయముగా నడచుకొనువారికి నొప్పి కలిగించునని ఏసు ఎరుగును. ఎరిగియే ఆ నొప్పిని కథలో నిలిపెను. పెద్దకుమారుడు తుదకు లోనికి పోయెనా లేదా యన్నది ఆయన చెప్పలేదు.

అయితే ఇట్టి ప్రేమ పేరు చెప్పి చేసిన పనులన్నియు అట్టివియేనా? క్రైస్తవులు మన దేశములో అన్నము చూపి మతము మార్చిరన్న యపవాదు నేటిది కాదు. దానిని దాచిపెట్టి ఈ విషయమును గూర్చి మాటలాడుట న్యాయము కాదు. కావున మన ఆంధ్రదేశములోనే జరిగిన ఒక సంగతిని తలచుకొనవలసి యున్నది. 1876-78 నాటి మహాక్షామమున ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరము త్రవ్వు పనిని ప్రభుత్వమునుండి గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. కూలివారిలో పెక్కుమంది మాదిగలు. బాప్తిస్మము ఇమ్మని వారు వచ్చి అడుగగా ఆయన నిరాకరించెను. క్షామకాలమున అన్నముకొరకు ఎవరును మతములో చేరరాదని ఏడాదికి పైగా ఆ తలుపును మూసియుంచెను. క్షామ సహాయము ముగిసిన పిదప, ఇక తనవద్ద పంచిపెట్టుటకు కూలి గాని ధాన్యము గాని లేదని తెలిసియు వచ్చినవారికే బాప్తిస్మ మిచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది ఆ సంస్కారమును పొందిరి. ఆ సంఖ్యను క్రైస్తవులు గర్వముతో చెప్పుకొందురు. గర్వింపదగినది ఆ దినము కాదు, దానికి ముందున్న మాసములు. అన్నమునకును విశ్వాసమునకును నడుమ ఆయన ఒక గోడ కట్టెను. అన్నము షరతు లేనిదై యుండవలెనన్నచో ఆ గోడ తప్పదు.

మరల కలకత్తాకు వత్తము. 1910 ఆగస్టు 26న స్కోప్యే నగరములో అల్బేనియా జాతి కుటుంబమున జన్మించిన ఆగ్నెస్ గోంజా బొయాజియు 1929 జనవరిలో లోరెటో సన్యాసినుల సంఘము పక్షమున కలకత్తాకు వచ్చెను. థెరీసా యనునది ఆమె సన్యాసనామము. ఎంటాలీలోని సెయింట్ మేరీస్ పాఠశాలలో ఉపాధ్యాయినిగా, పిదప ప్రధానోపాధ్యాయినిగా పనిచేసెను. ప్రహరీ గోడలోపల తోట, తరగతులు, ప్రార్థన. గోడకు వెలుపల మోతీఝీల్ మురికివాడ. 1943లో వంగదేశపు క్షామము. 1946 ఆగస్టులో మతకలహములు. ఆ కలహముల దినములలో విద్యార్థినులకు తినుటకు లేక ఆమె తానే వీథిలోనికి వచ్చి పీనుగులను చూచెను. తరువాతి నెల 10వ తేదీన డార్జిలింగు పోవు రైలులో, పేదలలో పేదల నడుమ నుండి పనిచేయుమని దైవ మాజ్ఞాపించినట్లు ఆమెకు తోచినది.

తోచినంతనే ఆమె గోడ దూకి పోలేదు. కలకత్తా ఆర్చిబిషప్ పెరియే యనుమతికై వేచియుండెను. రోమునుండి అనుమతి వచ్చుటకు రెండేండ్లు పట్టినది. దస్త్రము ఎంత మెల్లగా కదలునో తెలిసినవారికి ఇందు వింత లేదు. 1948 ఆగస్టులో నీలపు అంచుల తెల్లని నూలుచీర కట్టి బయటికి వచ్చి, పాట్నాలో వైద్యసేవ చేయు సన్యాసినుల యొద్ద కొంతకాలము రోగిపరిచర్య నేర్చుకొని, డిసెంబరులో మోతీఝీల్‌లో చెట్టుక్రింద బడి పెట్టెను. పలక లేదు, పుల్లతో నేలపై అక్షరములు వ్రాసి నేర్పెను. 1950 అక్టోబరు 7న ఆమె సంఘమునకు రోము గుర్తింపు లభించినది. సన్యాసినులు చేయు మూడు వ్రతములు, అనగా దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత, వీనికి ఆమె నాలుగవది యొకటి చేర్చెను. పేదలలో పేదలకు హృదయపూర్వకముగా ఉచితసేవ చేయుట ఆ వ్రతము. ఆ 'ఉచిత' శబ్దమును రుసుము లేనిదని మాత్రమే అర్థము చేసికొనరాదు. ప్రతిఫలము, ప్రశంస, మార్పు, తుదకు రోగి కోలుకొనుట, ఏదియు దానికి మూల్యము కారాదు.

కాళీఘాట్‌లో మొదట స్థానికులు కొందరు అభ్యంతరము చెప్పిరి. అమ్మవారి గుడిప్రక్కన మ్లేచ్ఛస్త్రీ హిందువులను మతము మార్చుచున్నదని వారి భయము. క్షయవ్యాధితో ఎవరును చేరనీయని ఆలయపూజారి యొకరిని ఆమె తెచ్చి సేవ చేయగా ఆ యలజడి చల్లారినదని చెప్పుకొందురు. చనిపోయినవారికి వారి వారి మతాచారముల ప్రకారము తుదిమర్యాదలు జరుపుట, హిందువు నోట గంగాజలము పోయుట అక్కడి నియమముగా ప్రసిద్ధము. అయినను ఆ సంఘమును విడిచిన యొక సన్యాసిని, స్పృహ లేని రోగులకు రహస్యముగా బాప్తిస్మ మిచ్చు నలవాటు ఉండెనని తరువాతి కాలమున వ్రాసెను. సంఘమువారు దాని నంగీకరింపలేదు. అట్లు జరిగియున్నచో, అది ఒంగోలులో క్లౌ కట్టిన గోడకు కన్నము వేయుటయే. రోగి కన్నులు మూసినప్పుడు వానినుండి ఏమి తీసికొన్నను దొంగతనమే.

మరియొక విమర్శ దీనికంటె బరువైనది. 1994లో లాన్సెట్ వైద్యపత్రికకు సంపాదకుడైన రాబిన్ ఫాక్స్ నిర్మల హృదయ్‌ను చూచి వ్రాసెను. అక్కడి శుచిత్వమును, పుండ్లకు చేయు పరిచర్యను, దయను మెచ్చుకొనెను. కాని రోగనిర్ణయము సరిగా లేదనియు, తీవ్రమైన బాధను తగ్గించు మందులు లేవనియు, బ్రతుకగలవానికిని చావక తప్పనివానికిని భేదము చూచుట లేదనియు చెప్పెను. 1995లో క్రిస్టఫర్ హిచెన్స్ ఇంకను కటువుగా ఒక చిన్న పుస్తకమే వ్రాసెను. కలకత్తాలో పుట్టి పెరిగిన వైద్యుడు అరూప్ చటర్జీ ఏండ్లకొలది పరిశోధించి, ఆమె కీర్తి మూలమున తన నగరము ప్రపంచము దృష్టిలో చావుబ్రతుకుల గుడిసెగా మాత్రమే నిలిచినదని వాపోయెను. రవీంద్రుని నగరములో, జగదీశ్ చంద్ర బోసు నగరములో నివసించువారికి ఆ బాధ అర్థము కాకపోదు. తెలుగువారు వంగదేశమునకు వచ్చినది జాలిపడుటకు కాదు, చదువుటకును, కొలువు చేయుటకును.

ఈ వైద్యవిమర్శకు 'ఆమెది ఆసుపత్రి కాదు, ఆశ్రమము' అని జవాబు చెప్పువారున్నారు. ఆ జవాబు చాలదు. ఏసు చెప్పిన మంచి సమరయుని కథను జ్ఞాపకము చేసికొన్నచో అది చాలదని తెలియును. దొంగలు కొట్టి పడవేసిన యూదుని, యూదులు అంటరానివారుగా చూచు సమరయు డొకడు చూచి జాలిపడెను. జాలితో కథ ముగియలేదు. గాయములపై ద్రాక్షారసమును నూనెయు పోసి కట్టుకట్టెను. ఆ కాలమున అదియే ఔషధము. తన గాడిదపై నెక్కించుకొని సత్రమునకు చేర్చెను. మరునాడు సత్రపువానికి రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, బయానా ఇచ్చి, అంతకుమించి ఎంత ఖర్చైనను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదననెను. ఆర్థికశాఖ ఈ మంజూరును చూచినచో మూర్ఛపోవును: లబ్ధిదారుని పేరు లేదు, అర్హతాపత్రము లేదు, వ్యయమునకు గరిష్ఠపరిమితి లేదు! కాని గమనింపవలసిన దేమనగా, షరతు లేకపోవుట ప్రేమలోనే గాని పనిలో కాదు. నూనె యున్నది, కట్టు ఉన్నది, లెక్క యున్నది, మరల వచ్చి విచారించు నేర్పాటు ఉన్నది. కోరనిది ప్రతిఫలము, వదలనిది నేర్పు. పాట్నాకు పోయి పరిచర్య నేర్చుకొన్న నాటి మదర్ థెరీసాకు ఈ సంగతి తెలియును. సూదిని మరగించుట, నొప్పికి మందిచ్చుట ప్రేమకు అడ్డు కాదు. ఆ కొరత నిజమైనంతవరకు అది ప్రేమలోని కొరతయే. ఆమెను గౌరవించువారు ఈ మాట చెప్పుటకు జంకనక్కరలేదు.

మన గోదావరి సీమలో లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు ఆకలితో వచ్చినవానికి కులము నడుగక వేళ నడుగక అన్నము పెట్టినది. వచ్చినవాడు ఎవరైనను కడుపునిండ తిని పోయెను. ఆమె 1909లో పోయినను ఆ పేరు నేటికిని తెలుగువారి నోట నున్నది. ఆమె బైబిలు చదివినది కాదు. క్రైస్తవులు దీనికి నొచ్చుకొనరాదు. ఎండయు వానయు మంచివానిపైనను చెడ్డవానిపైనను సమముగా పడునని చెప్పినది వారి గురువే గదా. పడుచోటుకు కంచె వేయుట ఎవరి తరము?

షరతు లేని ప్రేమ పొందినవాడు ఊరకే పుచ్చుకొనువాడుగా మిగిలిపోవునా యను ప్రశ్నకు సమాధానము టిటాగఢ్‌లో దొరకును. హుగ్లీ తీరపు జూట్ మిల్లులలో కూలికై శ్రీకాకుళము, గంజాము ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు తరతరములుగా నివసించిన యూరది. అక్కడ రైలుపట్టాల ప్రక్కన కుష్ఠురోగులకై మదర్ థెరీసా సంఘమువారు నడపు ఆశ్రమమునకు 'గాంధీజీ ప్రేమ్ నివాస్' అని పేరు. వేళ్లు మొద్దుబారిన చేతులతో అక్కడివారు మగ్గములపై నేయునవి మరేవియు కావు, ఆ సన్యాసినులు కట్టు నీలపు అంచు చీరలే. పద్మశ్రీ వచ్చినప్పుడును (1962), నోబెలు బహుమానము వచ్చినప్పుడును (1979), భారతరత్న వచ్చినప్పుడును (1980) ఆమె కట్టినది నీలపు అంచుల చీరయే. ఓస్లోలో నోబెలు విందును మాన్పించి ఆ ధనమును పేదల కిప్పించిన సంగతి అందరును చెప్పుకొందురు. ఆ చీరలను నేసిన చేతులను గూర్చి చెప్పుకొనువారు కొందరే.

ఇంతవరకు ఇచ్చువాడు పుచ్చుకొనువానిపై విధింపని షరతులను గూర్చియే విచారించితిమి. అంతకంటె లోతైన షరతు ఒకటి ఇచ్చువాని హృదయములోనే దాగియుండును. భక్తుడు లోకమునుండి ఏమియు కోరకపోవచ్చును, దేవునినుండి కోరును. 'నేను నిన్ను ప్రేమించుచున్నాను, నీవు నన్ను ప్రేమించుచున్నావని నాకు తెలియనిమ్ము' అని కోరును. ఆ మాత్రపు అనుభూతియైన లేనిదే సన్యాసి సన్యాసిగా నిలుచుట యెట్లు?

మదర్ థెరీసా 1997 సెప్టెంబరు 5న పరమపదించెను. పది సంవత్సరముల పిదప, 2007లో, ఆమె తన గురువులకు వ్రాసికొన్న ఆంతరంగిక లేఖలు పుస్తకరూపమున వెలువడినవి. వానిని చదివి లోకము నిర్ఘాంతపోయినది. మురికివాడలలో పని ప్రారంభించిన కొలదికాలమునకే ఆమెకు దైవసాన్నిధ్యపు అనుభూతి పూర్తిగా ఆగిపోయినది. ప్రార్థింపగా జవాబు లేదు. లోపల చీకటి, శూన్యము. దేవుడు తన్ను త్రోసివేసెనా యన్న సందేహము. దేవుడున్నాడా యన్న భయము సైతము. 1958లో కొలదివారములు తప్ప ఈ స్థితి దాదాపు ఏబదియేండ్లు, మరణపర్యంతము సాగినది. ప్రతిదినమును చిరునవ్వుతో కనిపించిన ఆ ముఖము వెనుక ఇది యున్నదని ఆమెతో కలిసి పనిచేసిన సోదరీమణులకును తెలియదు. ఆ లేఖలను కాల్చివేయుడని ఆమె కోరెను. గురువులు కాల్చలేదు.

'చూచితిరా, ఆమెకే నమ్మకము లేదు' అని విమర్శకులు కొందరనిరి. 'ఇది యోగులకు వచ్చు పరీక్ష' యని మతపెద్దలు కొందరనిరి. 2016 సెప్టెంబరు 4న రోములో ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి. ఈ రెండు వాదములను ప్రక్కన నుంచి, ఆ లేఖల తేదీలను మాత్రము చూచినచో వేరొక సంగతి తోచును. అవి నిర్మల హృదయ్ తెరచిన కాలమువి. అనాథశిశువులకు శిశుభవన్, కుష్ఠురోగులకు ఆశ్రమములు ఒకటొకటిగా లేచిన కాలమువి. జవాబు రాని కాలములోనే పని పెరిగినది. కాళీఘాట్ మంచముపై నున్నవాడు ఆమెకు ఏమియు తిరిగి ఈయలేదు. ఎవరికొరకు ఆ పని చేయుచున్నానని ఆమె నమ్మెనో, ఆయనయు ఆమెకు తెలియునట్లుగా ఏమియు తిరిగి ఈయలేదు. ఇరువైపులను ప్రతిఫలము లేక ఒక స్త్రీ అర్ధశతాబ్దము బకెట్టును గుడ్డయు పట్టుకొని తిరిగినది. నిర్హేతుక ప్రేమ యను మాటకు ఏ వేదాంతి చేసిన భాష్యములోను ఇంత కఠినమైన యర్థము కనబడదు. తెంగలై ఆచార్యులు భగవంతుని కృపను నిర్హేతుకమనిరి. ఇక్కడ ఒక మనుష్యురాలు భగవంతునినే నిర్హేతుకముగా ప్రేమింపవలసి వచ్చినది.

ఆచార్య జగదీశ్ చంద్ర బోసు రోడ్డులో 54ఎ సంఖ్యగల యింటిలో, క్రింది అంతస్తునందు ఆమె సమాధి యున్నది. ఎవరైనను పోయి చూడవచ్చును, రుసుము లేదు. అదే రోడ్డులోని క్రైస్తవ శ్మశానవాటికలో, 1940లో ఇక్కడనే కన్నుమూసిన దీనబంధు ఆండ్రూస్ సమాధియు నున్నది. ఆమె సంఘమువారి ప్రార్థనామందిరములలో, ఏ దేశమునందైనను, సిలువ ప్రక్క గోడపై ఒక చిన్న మాట వ్రాసియుండును. కొట్టబడి వ్రేలాడుచు, మరణమునకు కొంత ముందుగా ఏసు దాహమని పలికిన మాట యది. సంఘమును స్థాపించినప్పుడు దానిని గోడపై వ్రాయవలెనని నిర్ణయించినది ఆమెయే. ప్రతి తెల్లవారుజామున ఆమె ఆ మాట యెదుట నేలపై మోకరిల్లి, పిదప పనికి పోవుచుండెడిది.